పొగ తగ్గాలి, ఇల్లు వెచ్చబడాలి: మా కట్టెల బాయిలర్ డైరీ

2022 నవంబర్ 20

అమెరికాలోని ఉత్తర విస్కాన్సిన్‌లో ఈ పాత ఇల్లు కొన్నప్పుడు దాంతో పాటు పెరట్లో ఒక కట్టెల బాయిలర్ కూడా వచ్చింది. చూడ్డానికి చిన్న రేకుల షెడ్డులా ఉంటుంది. లోపల పెద్ద ఇనుప పొయ్యి, దాని చుట్టూ దాదాపు 750 లీటర్ల నీళ్ళు. కట్టెలు మండితే నీళ్ళు వేడెక్కుతాయి. ఆ నీళ్ళను పంపు భూమిలోని పైపుల ద్వారా 120 అడుగుల దూరంలో ఉన్న ఇంటికి తోస్తుంది. అక్కడ రేడియేటర్ లాంటి కాయిల్ మీదుగా ఫ్యాన్ గాలి వీచి గదులను వెచ్చబరుస్తుంది. చల్లారిన నీళ్ళు ఇంకో పైపులో తిరిగి బాయిలర్‌కు చేరతాయి. నీళ్ళు 170 డిగ్రీలకు దిగితే బాయిలర్ ఫ్యాన్ తిరిగి పొయ్యికి గాలి అందుతుంది. 185కు చేరితే ఫ్యాన్ ఆగి గాలి దారి మూసుకుంటుంది.

ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్‌లోనే. 32 దగ్గర నీళ్ళు గడ్డకడతాయి, 180 అంటే సెల్సియస్‌లో 82. నాన్నకు మాత్రం ఈ లెక్క వివరించనక్కర్లేదు. ప్రకాశం జిల్లాలో ముప్ఫై ఏళ్ళు పొగాకు బ్యారన్ల దగ్గర క్యూరింగ్, అంటే కట్టెల వేడితో గదుల్లో ఆకు ఆరబెట్టే పని, చూసుకున్న మనిషి. ఆకు పసుపెక్కడానికి 95, 100. చివర ఈనె ఎండడానికి 160. ఆ అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే ఆయనకు కంఠతా వచ్చు.

సీజన్ మొదలుపెట్టి వారమైంది. బయట 25 డిగ్రీలున్న రోజుల్లో ఇల్లు బాగానే ఉంది. పొగ మాత్రం విపరీతం. ఫ్యాన్ మొదలైన మొదటి పది నిమిషాలు తెల్లగా, చిక్కగా వస్తుంది. ఆ తర్వాత నీలం రంగుకు తిరిగి నేల మీదే పాకుతుంది.

డిసెంబర్ 4

ఈ డైరీని పట్టుగా రాయాలనిపించిన సంఘటన ఈ వారం స్కూలున్న ఒక రోజు పొద్దున జరిగింది. గాలి కదలని చలి. పొగ పైకి లేవకుండా మా దారి చివరి వరకు పరుచుకుంది. సరిగ్గా అక్కడే మా పాప స్కూల్ బస్సు కోసం నిలబడుతుంది. కిటికీలోంచి చూస్తే దాని ఎర్ర టోపీ ఒక్కటే కనిపించింది. దగ్గుకుంటూ బస్సెక్కింది. ఇల్లు వెచ్చగా ఉండాలని మేము చేసే పని ఆ పిల్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు. ఈ చలికాలంలోనే దీని సంగతి తేల్చాలి.

మొదటి అనుమానం కట్టెల మీదే. సెప్టెంబర్‌లో కొన్నప్పుడు అమ్మినాయన "ఎండినవే" అన్నాడు. ఎక్కువగా ఓక్ చెట్టువి, కొంత యాష్ చెట్టువి. తేమ మీటర్ తెచ్చి, కుప్ప మీది కట్టెల్లో సూదులు గుచ్చి చూశాను. 16, 17, 18 శాతం. ఇరవై లోపు ఉంటే మంచి కట్టె. మరి పొగ ఎందుకొస్తోంది?

డిసెంబర్ 5

నిన్న నేను కొలిచిన కొలత తప్పు. నిన్న బయట 8 డిగ్రీలు. కట్టెలోని నీరు గడ్డకట్టి ఉంది. తేమ మీటర్ పనిచేసేది కట్టె గుండా కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో చూసి. గడ్డకట్టిన నీరు కరెంటును సరిగా పోనివ్వదు కాబట్టి మీటర్‌కు అది ఎండు కట్టెలాగే కనిపిస్తుంది. పైగా నేను గుచ్చింది ఎండకు, గాలికి ఆరిన బయటి ముఖం మీద.

రాత్రి ఆరు కట్టెలు ఇంట్లో పెట్టాను. పొద్దున గొడ్డలితో చీల్చి, అప్పుడే బయటపడ్డ లోపలి ముఖం మధ్యలో కొలిచాను. ఓక్ 37, 35, 38, 36. యాష్ 24, 22. ఓక్ నిండా నీళ్ళే.

చచ్చి నిలబడ్డ చెట్టు కొట్టిన కట్టె గనుక ఎండిపోయి ఉంటుందని మేమూ నమ్మాం. అది నిజం కాదు. బెరడు ఊడకుండా నిలబడ్డ ఓక్ మానులో నీరు ఏళ్ళ తరబడి ఉండగలదు. కోసి, చీల్చి, గాలి తగిలేలా పేర్చిన రోజు నుంచే ఆరడం మొదలవుతుంది. ఓక్‌కు రెండు వేసవులు కావాలి. యాష్‌లో పచ్చిగా ఉన్నప్పుడే నీరు తక్కువ. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ పురుగు 2008లో విస్కాన్సిన్‌లో బయటపడ్డప్పటి నుంచి ఇక్కడ యాష్ చెట్లు వరసగా చచ్చిపోతున్నాయి. ఆ చెట్లను చూస్తే బాధగా ఉంటుంది. కానీ ఈ ఏడాది మాకు పనికొచ్చే కట్టె అదొక్కటే.

సాయంత్రం వీడియో కాల్‌లో నాన్నకు చూపించాను. "రెండు ముక్కలు తీసుకుని ఒకదాంతో ఒకటి కొట్టమ్మా" అన్నారు. ఫోన్ దగ్గర పెట్టి కొట్టాను. యాష్ ఖంగుమంది. ఓక్ దబ్బుమంది. "ఆ రెండోది పక్కన పెట్టు. దాన్ని మేమైతే బ్యారన్ దరిదాపులకు రానిచ్చేవాళ్ళం కాదు. పచ్చి కట్టె వేస్తే వేడి నిలబడదు, ఆకు నల్లబడుతుంది."

రాత్రి కూర్చుని లెక్క వేశాను. మీటర్ నీటిని పూర్తిగా ఎండిన కట్టె బరువుతో పోల్చి చెబుతుంది; కాబట్టి మీటర్ మీద 37 అంటే, వంద కిలోల కట్టెలో 27 కిలోలు నీళ్ళు, 73 కిలోలు అసలు కట్టె. గడ్డకట్టిన నీటిని కరిగించి, మరిగించి, ఆవిరి చేయడానికి కిలోకు సుమారు 3 మెగాజౌళ్ళ వేడి పోతుంది. పూర్తిగా ఎండిన కట్టె కిలోకు 20 దాకా ఇస్తుంది. అంటే నీళ్ళ వల్ల పోయేది 80, కట్టె ఇచ్చేది 1460. వందకు ఐదారు పాళ్ళే! ఇంత తక్కువేమిటని మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. లెక్క సరిగ్గానే ఉంది. అసలు నష్టం వేరే చోట ఉంది. కట్టెలోంచి వచ్చే వాయువులు మండాలంటే పొయ్యిలో 600 సెల్సియస్ దాకా వేడి కావాలి. ఆవిరి ఆ వేడిని లాగేస్తుంది. పొయ్యి గోడలకు అవతల నీళ్ళు ఉండనే ఉన్నాయి, అవీ లాగుతాయి. దాంతో వాయువులు మండకుండానే పొగగొట్టం దాటిపోతాయి. మాకు కనిపించే నీలి పొగ అదే. అందులో ఉన్నది మేము డబ్బు పెట్టి కొన్న వేడే. పొగ ఒక సమస్య, వేడి చాలకపోవడం ఇంకో సమస్య అని ఇన్నాళ్ళూ విడివిడిగా చూశాను. ఇక్కడ మటుకు రెండూ ఒకటే.

డిసెంబర్ 10

పక్క పొలం పెద్దాయన తన షెడ్డులో రెండేళ్ళుగా ఆరిన యాష్ రెండు ట్రాక్టర్ ట్రాలీలు ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. "వచ్చే వేసవిలో నా కట్టెలు పేర్చడానికి రండి" అన్నారు. తప్పకుండా వెళ్తాం. ఇవీ, మా దగ్గర ఉన్న యాష్ కలిపి జాగ్రత్తగా వాడితే ఫిబ్రవరి దాకా వస్తాయి. ఓక్ మొత్తం ఎండ తగిలే వైపు ఒకే వరసలో పేర్చి, పైన మాత్రం రేకు వేసి, పక్కలు వదిలేశాం. టార్పాలిన్‌తో చుట్టూ కప్పితే నీరు లోపలే ఉండిపోతుంది.

కట్టె మారాక పొగ సగం తగ్గింది. ఇంకా సగం ఉంది. మంట ఎడమ వైపు బాగా లేస్తోంది, కుడి వైపు నల్లగా ఉండిపోతోంది. పైగా పొయ్యిలో మండని బొగ్గులు జానెడు ఎత్తు పేరుకున్నాయి. బొగ్గు మిగిలిపోతోందంటే గాలి అందడం లేదనే అర్థం.

ఇవాళ మంట ఆర్పి, మా ఆయన, నేను కలిసి మొత్తం విప్పాం. పొయ్యి అడుగున రెండు వైపులా గాలి రంధ్రాలు ఉంటాయి. కుడి వైపున ఉన్న ఎనిమిదిలో ఆరు మూసుకుపోయాయి. పైన బూడిద, దాని కింద క్రియోసోట్, అంటే పొగలోంచి దిగి గట్టిపడే తారు లాంటి మసి. లావుపాటి ఇనుప ఊచతో పొడిచి తెరిచాం. పొగగొట్టం లోపల కూడా అదే మసి గాజులా మెరుస్తోంది. బ్రష్‌కు లొంగలేదు, గోకుడు కత్తితో ముక్కలు ముక్కలుగా రాలగొట్టాల్సి వచ్చింది. ఒక బకెట్ నిండింది.

ఫ్యాన్ ముందు ఒక చిన్న ఇనుప మూత ఉంటుంది. ఫ్యాన్ మొదలైనప్పుడు కరెంటుతో అది పైకి లేస్తుంది, ఆగినప్పుడు పడిపోతుంది. దాని అంచుకు మసి పట్టి పూర్తిగా లేవడం లేదు. తుడిచి, గోకి, చేత్తో పదిసార్లు ఎత్తి దించాను. తేలిగ్గా ఆడుతోంది.

ఇలాంటి బాయిలర్ ఉన్నవాళ్ళు తలుపు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ముందు ఫ్యాన్ ఆపాలి. తలుపు అంగుళం మాత్రమే తెరిచి, పక్కకు నిలబడి ఇరవై దాకా లెక్కపెట్టాలి. గాలి అందక పొయ్యిలో నిలిచిన వాయువులకు ఒక్కసారిగా గాలి తగిలితే మంట బయటికి కొడుతుంది. మా ఇంట్లో పాపను బాయిలర్‌కు పది అడుగుల దగ్గరికి కూడా రానివ్వం.

డిసెంబర్ 23

అమెరికా మధ్య భాగమంతా చలిగాలి తుఫాను. ఫారెన్‌హీట్‌లో కూడా సున్నా కిందికి పోయింది, పైన హోరుగాలి. రాత్రి రెండింటికి లేచి చూస్తే బాయిలర్ నీళ్ళు 128. ఇల్లు 57, అంటే 14 సెల్సియస్. పొయ్యి నిండా ఎండు కట్టెలే ఉన్నాయి, కానీ మంట లేదు. ఫ్యాన్ తిరుగుతోంది.

టెన్షన్‌తో చేతులు సరిగా ఆడలేదు. పంపు ఆగితే భూమిపై ఉన్న పైపు ముక్కలు గంటలో గడ్డకట్టిపోతాయి. ముందు గ్యాస్ హీటర్ వేసి ఇంటి సంగతి చూసుకున్నాం. తర్వాత టార్చ్‌తో ఫ్యాన్ దగ్గరికి వెళ్ళాం. పదమూడు రోజుల కింద శుభ్రం చేసిన మూత పావు అంగుళం మాత్రమే లేచి ఆగిపోయి ఉంది. మిగిలిన పల్చటి మసి మామూలు రోజుల్లో మెత్తగా జిగురులా ఉంటుంది. ఈ చలికి రాయి అయిపోయింది.

నవంబర్ నుంచి నాకు అర్థం కానిది ఇదే. వేడి ఎక్కువ కావలసిన రాత్రుల్లోనే ఈ బాయిలర్ ఎందుకు చతికిలపడుతోంది? చలి పెరిగే కొద్దీ మూత బిగుసుకుంటోంది, అంటే సరిగ్గా అప్పుడే గాలి తగ్గుతోంది. గాలి తగ్గితే పొగ, పొగతో మళ్ళీ మసి, ఆ మసి మళ్ళీ మూతకే. నీళ్ళు చల్లబడితే ఇది ఇంకా ముదురుతుంది. ఇంటి నుంచి తిరిగొచ్చే నీరు 140 కంటే చల్లగా ఉంటే పొయ్యి గోడల మీద పొగలోని తేమ చెమటలా పట్టి, మసిని అతికించేస్తుంది.

హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి మూత విడిపించాం. ఇంటికి నీళ్ళు పోకుండా గంటన్నర ఆపి, బాయిలర్‌లోనే చిన్న దారిలో తిప్పి, 165 దాటాక వదిలాం. తెల్లారేసరికి 178. ఇల్లు మాత్రం 61 దాటలేదు.

ఇక నుంచి ప్రతి ఆదివారం ఆ మూతను తుడుస్తాం.

2023 జనవరి 2

బాయిలర్ దగ్గర 178 ఉన్నప్పుడు ఇల్లు 61 దగ్గర ఆగిందంటే, వేడి మధ్యలో ఎక్కడో పోతోంది. నాలుగు చోట్ల కొలవాలి: బాయిలర్ నుంచి బయల్దేరే చోట, ఇంట్లోకి వచ్చే చోట, ఇంట్లోంచి వెళ్ళే చోట, బాయిలర్‌కు తిరిగి చేరే చోట. ముందు నాలుగు థర్మామీటర్లనూ ఒకే వేడినీళ్ళ గిన్నెలో పెట్టి చూశాను. ఒకదానికి ఒకటి నాలుగు డిగ్రీల తేడా! ఏది ఎంత తప్పు చూపిస్తోందో రాసుకుని, పైపులకు టేపుతో అతికించి, పైన స్పాంజి చుట్టాను. ఇది చేయకపోతే ఈ కొలతలకు విలువ లేదు.

బయల్దేరింది 176. ఇంటికి చేరింది 170. కాయిల్ దాటాక 154. బాయిలర్‌కు తిరిగి చేరింది 150.

అంటే ఇంట్లో 16 డిగ్రీలు దిగుతోంది, దారిలో 10. ఎన్ని నీళ్ళు తిరుగుతున్నాయో తెలిస్తే వేడి లెక్క తేలుతుంది. తిరుగు పైపు వాల్వ్ మూసి, పక్కనున్న డ్రెయిన్ నుంచి 19 లీటర్ల బకెట్ నింపితే 50 సెకన్లు పట్టింది. నిమిషానికి సుమారు 23 లీటర్లు. ఆ లెక్కన ఇంటికి చేరేది 14 కిలోవాట్లు, మట్టిలోకి పోయేది దాదాపు 9. రెండు కిలోవాట్ల గీజర్లు నాలుగైదు నేలలో పాతి రాత్రింబవళ్ళు ఆన్ చేసి పెట్టినట్టు.

కాగితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. పెరడంతా మోకాలి లోతు మంచు. బాయిలర్ నుంచి ఇంటి దాకా మాత్రం రెండడుగుల వెడల్పున పలచగా, కొన్ని చోట్ల పచ్చిక కనిపిస్తూ ఒక దారి. నవంబర్ నుంచి రోజూ చూస్తున్నాను దాన్ని. నడవడానికి బాగుందని అటే నడిచాను కూడా. మా పైపు ఎక్కడ వేడి పోగొట్టుకుంటోందో ఆ మంచు మొదటి రోజు నుంచీ చూపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో పైపు తొడుగు చివరి రబ్బరు మూత విప్పాం. నీళ్ళు కారాయి. గోరువెచ్చని, బురద నీళ్ళు. పాత పైపు మీద స్పాంజి రేకు చుట్టి, నల్ల గొట్టంలోకి దూర్చారంతే. గొట్టానికి ఎక్కడో చిల్లి పడి భూమిలోని నీరు నిండింది. తడిసిన స్పాంజి వేడిని ఆపదు. చిన్న పంపు పెట్టి తోడితే ఎనిమిది బకెట్లు వచ్చాయి.

ఇప్పుడు నేల గట్టిగా గడ్డకట్టి ఉంది, తవ్వలేం. వారానికోసారి తోడడం ఒక్కటే దారి.

జనవరి 31

తోడుతూ ఉంటే దారిలో నష్టం 10 నుంచి 5 డిగ్రీలకు వచ్చింది. నెలాఖరున మళ్ళీ సున్నా కిందికి దిగిన రాత్రి ఇల్లు 66 నిలిచింది. పాప స్వెటర్ తీసేసి హోంవర్క్ చేసుకుంది.

జూన్ 17

నాలుగడుగుల లోతు కందకం, అద్దె యంత్రంతో రెండు రోజులు. పాత గొట్టం బయటికి లాగితే ఇంటికి పదిహేను అడుగుల దూరంలో పగులు కనిపించింది. దాని కిందే కోసుగా ఒక రాయి ఉంది. కొత్త పైపుల్లో రెండు పైపుల చుట్టూ గట్టి ఫోమ్ ఫ్యాక్టరీలోనే పోసి నింపుతారు, నీరు చేరడానికి ఖాళీ ఉండదు. ధర చూస్తే గుండె గుభేలుమంది. మా ఆయన, నేను రెండు వారాలు తర్జనభర్జన పడ్డాం. చివరికి, చౌక పైపు వేస్తే ఆ తేడా ఏటా కట్టెల రూపంలో కడుతూనే ఉంటామని ఇదే కొన్నాం. అడుగున ఇసుక పరిచి వేశాం.

పక్క పొలం పెద్దాయన కట్టెలు పేర్చడానికి రెండు శనివారాలు వెళ్ళొచ్చాం.

డిసెంబర్ 26

మార్పు ఎంతో తేల్చుకుందామంటే చలే రాలేదు. విస్కాన్సిన్ చరిత్రలోనే ఇంత వెచ్చని డిసెంబర్ లేదంటున్నారు. క్రిస్మస్‌కు వాన పడింది.

ఈ వెచ్చదనంలో పొగ మళ్ళీ కనిపించింది. ఇంటికి వేడి అక్కర్లేదు కాబట్టి ఫ్యాన్ గంటల తరబడి ఆగి ఉంటుంది. కట్టె మాత్రం లోపల మగ్గుతూనే ఉంటుంది. ఇది మా రిపేరుతో పోయేది కాదు, ఈ పాత రకం బాయిలర్ కట్టడంలోనే ఉంది. కొత్తగా అమ్మే బాయిలర్లకు పొగ మీద 2015లో కేంద్ర ప్రభుత్వ నిబంధనలు వచ్చాయి, 2020 మే నుంచి అవి ఇంకా కఠినమయ్యాయి. మాది అంతకన్నా ఎంతో పాతది. అందుకని 35 డిగ్రీలు దాటిన రోజుల్లో దీన్ని వెలిగించకూడదని నిర్ణయించుకున్నాం. గ్యాస్ కొంచెం ఖర్చవుతుంది. కానివ్వండి.

2024 జనవరి 14

చలి వచ్చింది, అదీ భోగి రోజున. పొద్దున ఆరింటికి సున్నా కంటే 9 డిగ్రీలు కింద, అంటే మైనస్ 23 సెల్సియస్. చీల్చి కొలిస్తే యాష్ 17. ఓక్ ఇంకా 26, దాన్ని ముట్టుకోలేదు.

బయల్దేరింది 179. ఇంటికి చేరింది 178.5. కాయిల్ దాటాక 162. బాయిలర్‌కు చేరింది 161.5. దారిలో నష్టం మొత్తం ఒక్క డిగ్రీ. నా థర్మామీటర్లు అంతకన్నా సన్నగా కొలవలేవు. ఇల్లు 70.

ఫ్యాన్ మొదలైనప్పుడు మూడు నిమిషాలు బూడిద రంగు పొగ వచ్చింది, ఆ తర్వాత గొట్టం పైన గాలి కదలడమే కనిపించింది. పైపు మీదుగా మంచు పెరడంతా ఒకే మందంలో ఉంది. పాప దాని మీద పడుకుని రెక్కలు ఊపి బొమ్మ వేసింది.

నాన్నకు ఫోన్‌లో చూపిస్తే, పొగగొట్టం కాదు, పొయ్యి చూపించమన్నారు. ఫ్యాన్ ఆపి, తలుపు కొంచెం తెరిచి, ఇరవై లెక్కపెట్టి చూపించాను. రెండు వైపులా సమానంగా, పసుపు మంట. చాలాసేపు చూశారు. "కుడి పక్క బూడిద కొంచెం ముందుకు లాగమ్మా" అన్నారు.

లాగాను. మూత తుడవాల్సింది కూడా ఇవాళే, ఆదివారం.